ఎమ్యులేటర్‌లో మెమరీ లీక్‌ను పట్టుకోవడం ఎలా

పాత ప్రోగ్రాములను నడిపే ఎమ్యులేటర్ గంటల తరబడి పనిచేశాక కంప్యూటర్ మందగిస్తే, లీక్ (వాడిన మెమరీని తిరిగి ఇవ్వకుండా పోగేయడం) ఎమ్యులేటర్‌దా, దాని లోపల నడుస్తున్న ప్రోగ్రాముదా అన్నది ముందుగా తేల్చుకోవాలి. డాస్ ప్రోగ్రాములను నడిపే ఎమ్యులేటర్ డాస్‌బాక్స్, తాను అనుకరించే లోపలి యంత్రానికి ఇచ్చే మెమరీని, మామూలుగా 16 మెగాబైట్లను, మొదట్లోనే నిర్ణయిస్తుంది కనుక పాత ప్రోగ్రాము ఎంత వృథా చేసినా ఆ హద్దు దాటి బయటికి రాదు. కాబట్టి టాస్క్ మేనేజర్‌లో ఎమ్యులేటర్ మెమరీ అంకె ఆగకుండా పెరుగుతుంటే, అనుమానించాల్సింది ఎమ్యులేటర్‌నే.

ఆ అంకెను పది నిమిషాలకొకసారి రాసుకోండి. 180, 195, 210 మెగాబైట్లు అంటూ సమానంగా ఎక్కుతూ పోతే అది చాలావరకు లీకే. కొంత పెరిగి నిలిచిపోతే అనువదించిన కోడ్‌ను దాచుకునే క్యాష్ అయివుండవచ్చు. ఈ తేడా గమనించక నేను ఒక సాయంత్రమంతా లేని లీక్ కోసం వెతికాను.

తర్వాత శబ్దం, రివైండ్ (ఆటను వెనక్కి తిప్పే సదుపాయం), డైనమిక్ కోర్ (పాత కోడ్‌ను నడుస్తుండగానే అనువదించే భాగం) వంటి వాటిలో మీ ఎమ్యులేటర్‌లో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా ఆపి, ప్రతిసారీ మళ్లీ కొలవండి. రివైండ్ బఫర్ పరిమాణాన్ని ముందే చూడండి, ఎందుకంటే పాత స్థితులను నిలవ ఉంచడమే దాని పని.

సోర్స్ కోడ్ చేతిలో ఉంటే ఎమ్యులేటర్‌ను మెమరీ లోపాలు పట్టే సాధనమైన వాల్‌గ్రైండ్ కింద నడపవచ్చు, అయితే వేగం బాగా పడిపోతుంది కనుక లోపం త్వరగా బయటపడే చిన్న సన్నివేశాన్ని ఎంచుకోవాలి. పోగైన మెమరీకి ఇంకా పాయింటర్లు (దాని చిరునామాను పట్టుకున్న వేరియబుళ్లు) మిగిలివుంటే వాల్‌గ్రైండ్ దాన్ని లీక్‌గా లెక్కించదు. అప్పుడు వాల్‌గ్రైండ్‌లోనే ఉండే మెమరీ వాడకం కొలిచే సాధనం మాసిఫ్ గ్రాఫ్‌లో ఏ ఫంక్షన్ తీసుకునే మెమరీ పెరుగుతోందో చూడాలి.