కరెంటు వచ్చాక యూజర్ల లిస్టు తెరుచుకోకపోతే

కావలి, ఒంగోలు వైపు కాలేజీ ల్యాబులు చూసుకునేవాళ్లకు తుపాను రోజులంటే టెన్షనే. రాత్రంతా కరెంటు ఉండదు, యూపీఎస్ కూడా దిగిపోతుంది. పొద్దున్నే ఏ స్టూడెంట్‌దో పాస్‌వర్డ్ మారుద్దామని యాక్టివ్ డైరెక్టరీ యూజర్స్ అండ్ కంప్యూటర్స్ (విండోస్ సర్వర్‌లోని యూజర్ల ఖాతాలు చూసుకునే టూల్) తెరిస్తే పేర్లకు బదులు ఎర్రర్ వస్తుంది. కంగారుపడి సిస్టమ్‌ను డొమైన్ (ఒకే సర్వర్ కింద నడిచే కాలేజీ సిస్టమ్‌ల గుంపు) నుంచి తీసి మళ్లీ కలపకండి. లోకల్ అడ్మిన్ (ఆ సిస్టమ్‌కే సొంతమైన అడ్మిన్ ఖాతా) పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేకపోతే ఆ సిస్టమ్‌లోకి వెళ్లడమే కష్టమవుతుంది.

డొమైన్ దొరకలేదు అంటోందా?

ముందు అనుమానించాల్సింది డీఎన్‌ఎస్‌ను, అంటే పేరు చెబితే ఐపీ అడ్రస్ వెతికిచ్చే ఏర్పాటును. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ కొట్టి, డీఎన్‌ఎస్ సర్వర్స్ అన్న వరస చూడండి. అక్కడ 8.8.8.8 గానీ రౌటర్ అడ్రస్ గానీ ఉంటే తప్పు దాదాపు అక్కడే. "నెట్ బాగానే వస్తోంది కదండీ" అంటారు. యూట్యూబ్ ఎక్కడుందో గూగుల్ డీఎన్‌ఎస్ చెబుతుంది కానీ, మీ కాలేజీ లోపలి డొమైన్ సంగతి దానికి తెలియదు. డీఎన్‌ఎస్ గడిలో డొమైన్ కంట్రోలర్ (డొమైన్‌ను నడిపే సర్వర్) ఐపీనే ఇవ్వండి. రెండో గడిలో కూడా 8.8.8.8 పెట్టొద్దు, ఇంకో కంట్రోలర్ ఉంటే దాని ఐపీ పెట్టండి. బయటి సైట్ల కోసం సర్వర్‌లోని డీఎన్‌ఎస్‌లో ఫార్వర్డర్ (తనకు తెలియని పేర్లను బయటి డీఎన్‌ఎస్‌ను అడిగే సెట్టింగ్) పెడితే చాలు. ఐపీలు రౌటర్ పంచుతుంటే ఈ మార్పు రౌటర్‌లోనే చేయాలి, లేకపోతే చేత్తో మార్చని సిస్టమ్‌లకు పాత అడ్రసే వస్తూ ఉంటుంది.

సర్వర్ ఐపీకి కూడా పింగ్ వెళ్లకపోతే కేబుల్, స్విచ్ చూడండి.

పాస్‌వర్డ్ కరెక్టే, అయినా కనెక్ట్ కావడం లేదా?

గడియారం చూడండి. డొమైన్‌లో లాగిన్‌ను సరిచూసే కెర్బరోస్, సిస్టమ్‌కూ సర్వర్‌కూ మధ్య మామూలుగా 5 నిమిషాల తేడా వరకే ఒప్పుకుంటుంది. పాత సిస్టమ్‌లో మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోతే, కరెంటు పోగానే తేదీ కొన్నేళ్లు వెనక్కి వెళ్లిపోతుంది. బ్యాటరీ మార్చి, తేదీ సరిచేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో డబ్ల్యూ32టీఎం స్లాష్ రీసింక్ ఇవ్వండి, టైమ్ సర్వర్‌తో కలుస్తుంది. టైమ్ సరిగ్గానే కనిపిస్తున్నా టైమ్‌జోన్ కూడా చూడండి. జోన్ అమెరికాది ఉంచి అంకెలు మాత్రం మన టైముకు తిప్పి ఉంటే, లోపల లెక్క గంటల కొద్దీ తప్పుతుంది.

ఆర్‌పీసీ సర్వర్ అందుబాటులో లేదు అంటోందా?

ఆర్‌పీసీ అంటే ఈ టూల్ సర్వర్‌తో మాట్లాడే దారి. సర్వర్‌లో నెట్‌వర్క్ ప్రొఫైల్ (ఆ నెట్‌వర్క్‌ను ఎంత నమ్మాలో విండోస్‌కు చెప్పే సెట్టింగ్) చూడండి. కరెంటు వచ్చాక ఒక్కోసారి అది డొమైన్‌కు బదులు పబ్లిక్‌గా లేస్తుంది, దాంతో ఫైర్‌వాల్ తలుపులు మూసేస్తుంది. ఫైర్‌వాల్ మొత్తం ఆపేయొద్దు. సర్వర్ నెట్‌వర్క్ అడాప్టర్‌ను డిసేబుల్ చేసి మళ్లీ ఎనేబుల్ చేస్తే ప్రొఫైల్ సాధారణంగా సర్దుకుంటుంది. ల్యాబుకూ సర్వర్‌కూ మధ్య వేరే ఫైర్‌వాల్ ఉంటే 135తో పాటు 49152 నుంచి 65535 వరకు పోర్టులూ తెరిచి ఉండాలి. అడాప్టర్ పని మాత్రం సర్వర్ ముందు కూర్చునే చేయండి. రిమోట్‌లో చేస్తే డిసేబుల్ నొక్కగానే మీ కనెక్షనే తెగిపోతుంది.