గ్రామసభలో వైద్య సేవల అంశాన్ని చర్చకు పెట్టించడం: దరఖాస్తు విధానం

గ్రామ పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం-2018 ప్రకారం ఈ సభ రెండు నెలలకు ఒకసారైనా జరగాలి. సీసీ రోడ్లు, వీధి దీపాలు, ఇళ్ల జాబితాల గురించి అక్కడ గట్టిగానే మాట్లాడుకుంటాం గానీ, ఊరి నడుమ ఉన్నవారికి అందే వైద్యం చివరి తండాకూ గూడేనికీ ఎందుకు అందడం లేదన్న ప్రశ్న అరుదుగా లేస్తుంది. ఆ ప్రశ్నను రాతపూర్వకంగా సభ ముందు పెట్టించి, తీర్మానంగా నమోదు చేయించి, ఆ ప్రతిని పై అధికారుల వద్దకు తీసుకువెళ్లే విధానం ఇది.

దరఖాస్తు రాయడానికి ముందు వివరాలు సేకరించాలి. భారతీయ ప్రజారోగ్య ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో 5,000 మందికి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 3,000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం ఉండాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఈ లెక్క 30,000, 20,000. అయితే జనాభా లెక్క సరిపోయినంత మాత్రాన సేవ అందినట్టు కాదు. ఉపకేంద్రం కాగితం మీద ఉండి ఏఎన్‌ఎం (అక్కడ పనిచేసే ఆరోగ్య కార్యకర్త) పోస్టు ఖాళీగా ఉండవచ్చు, లేదా వాగుకు అవతలి ఒడ్డున ఉండి వానాకాలమంతా అందుబాటులో లేకపోవచ్చు. మంజూరైన పోస్టులు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని, ఏయే మందులు ఎన్నాళ్లుగా నిల్వ లేవు అన్న వివరాలను సమాచార హక్కు చట్టం-2005 కింద అడగవచ్చు. ఈ దరఖాస్తుకు గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై స్థాయిలో 10 రూపాయలు చెల్లించాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు ఆధారం జతచేస్తే ఎక్కడా చెల్లించనక్కర్లేదు. జవాబు 30 రోజుల్లో రావాలి కాబట్టి గ్రామసభకు కనీసం నెలన్నర ముందే ఈ పని మొదలుపెట్టడం మంచిది.

అసలు దరఖాస్తును తెల్లకాగితం మీద, సర్పంచ్ పేరిట, పంచాయతీ కార్యదర్శికి ప్రతితో రాయాలి. దరఖాస్తుదారు పేరు, వార్డు, ఓటరు జాబితాలోని వరుస సంఖ్య, ఫోన్ నంబరు ఇచ్చి, ఒకే సమస్య ఉన్నవారంతా కింద సంతకాలు లేదా వేలిముద్రలు పెట్టవచ్చు. విషయం దగ్గర "వైద్య సదుపాయాలు" అని ఊరుకోకుండా, ఏ ఆవాసానికి ఏ సేవ అందడం లేదో రాయాలి. మా దగ్గర ఒకసారి సభలో రెండు గంటలపాటు ఆవేదనతో మాట్లాడినవారి మాటలన్నీ మినిట్స్ పుస్తకంలో "గ్రామంలో వైద్య సదుపాయాలు మెరుగుపరచాలని తీర్మానించడమైనది" అనే ఒక్క వాక్యంగా మిగిలాయి. ఎవరు, ఏమి, ఎప్పటిలోగా చేయాలో లేని ఆ వాక్యాన్ని పట్టుకుని ఏ అధికారినీ ఏమీ అడగలేకపోయాం. అందుకే ఆవాసాల వారీగా రాయమని ఇంతగా చెప్పడం. నమూనాగా ఇలా రాయవచ్చు:

"మా గూడెం నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి 11 కిలోమీటర్లు. అందులో మొదటి 3 కిలోమీటర్లు మట్టిదారి. వర్షం పడితే 108 వాహనం తారురోడ్డు దగ్గరే ఆగిపోతుంది. నొప్పులు పడుతున్న గర్భిణిని అక్కడిదాకా మంచం మీద మోసుకురావలసి వస్తున్నది. ఆ 3 కిలోమీటర్ల దారికి ప్రతిపాదన పంపాలని, అప్పటివరకు నెలలు నిండినవారిని ముందుగానే ఆసుపత్రికి చేర్చే ఏర్పాటు చేయాలని కోరుతున్నాము."

రెండు ప్రతులు తయారుచేసి, ఒకటి కార్యాలయంలో ఇచ్చి, రెండోదానిపై తేదీతో కూడిన ముద్ర, సంతకం తప్పనిసరిగా తీసుకోవాలి. దీనికి రుసుమేమీ లేదు. గ్రామసభకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి, ఏఎన్‌ఎం, ఆశ కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్ హాజరయ్యేలా లేఖ రాయాలని కూడా అదే దరఖాస్తులో కోరాలి. సమాధానం చెప్పవలసినవారు ఎదురుగా లేకపోతే చర్చ ముందుకు సాగదు. కూలికి వెళ్లేవారు పగటి పూట రాలేరు గనుక సమయాన్ని కూడా ప్రస్తావించడం అవసరం.

సభ రోజున దూరపు ఆవాసాల వారిని, ముఖ్యంగా ఆడవారిని, ముందుగా మాట్లాడనివ్వమని అడగండి. రోగుల పేర్లు, జబ్బుల పేర్లు సభలో చదవకండి. క్షయ రోగి ఫలానా ఇంట్లో ఉన్నాడని పదిమందిలో చెబితే ఆ కుటుంబానికి జరిగే నష్టాన్ని ఏ తీర్మానమూ పూడ్చలేదు. "మా వార్డులో మందులు మధ్యలో ఆగిపోయినవారు ఇద్దరున్నారు" అంటే చాలు. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీకి జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఏటా 10,000 రూపాయల వరకు ఫలానా పనికే అని ముడిపెట్టని (అన్‌టైడ్) నిధి కేటాయింపు ఉంటుంది. అది వచ్చిందా, దేనికి ఖర్చయిందో అక్కడే అడగవచ్చు.

డాక్టరును నియమించే అధికారం గ్రామసభకు లేదు. కానీ సభ తీర్మానం ఫలానా ఒకరి ఫిర్యాదు కాదు, ఊరి మాట. అందులో ఆవాసం పేరు, కోరిన పని, సంబంధిత అధికారి హోదా, గడువు రాశారో లేదో సంతకాలు పెట్టకముందే చదివించుకోండి. ధ్రువీకరించిన ప్రతి తీసుకుని, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల అర్జీలు తీసుకునే ప్రజావాణిలో జిల్లా వైద్య, ఆరోగ్యశాఖాధికారి పేరిట అందజేసి, రసీదు సంఖ్య తీసుకోవాలి. ఏజెన్సీ గ్రామాలవారు ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ)ల్లో తమ పరిధిలోని ప్రాజెక్టు అధికారికి కూడా ఒక ప్రతి ఇవ్వాలి.

వైద్యం నిరాకరించడం వల్ల ప్రాణానికి ముప్పు కలిగిన సందర్భమైతే జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలుగులోనే, రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. ఘటన జరిగిన ఏడాదిలోపు అది చేరాలి. ప్రభుత్వాసుపత్రి అత్యవసర చికిత్స అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణకు భంగమని సుప్రీంకోర్టు 1996లోనే పశ్చిమ బెంగాల్ కేసులో తేల్చింది.

ప్రజావాణి రసీదు సంఖ్యను, గత తీర్మానం తేదీని పేర్కొంటూ తర్వాతి గ్రామసభకు మళ్లీ ఒక చిన్న దరఖాస్తు ఇవ్వండి. తీసుకున్న చర్యల నివేదికను మొదటి అంశంగా చదవాలని అందులో కోరండి.