గుండె ఆపరేషన్ థియేటర్‌లో జూనియర్లు ‘సార్, ఆగండి’ అనగలగాలంటే

నేను పెర్‌ఫ్యూజనిస్ట్‌ని, అంటే గుండెను ఆపి ఆపరేషన్ చేస్తున్నంతసేపూ హార్ట్ లంగ్ మెషీన్ (మేం పంప్ అంటాం) నడిపే మనిషిని. తప్పు కళ్లముందే జరుగుతున్నా జూనియర్లు నోరు విప్పరు, పెద్ద సర్జన్ అంటే అంత భయం. గోడకి పోస్టర్లు అంటిస్తే అది పోదు, రోజూ చేసే పనిలోనే మాట్లాడే అలవాటు చేయాలి.

కోతకు ముందు టైమ్ అవుట్‌తో, అంటే అందరూ కాసేపు ఆగి వివరాలు సరిచూసుకోవడంతో మొదలుపెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన చెక్‌లిస్ట్‌ని ఢిల్లీతో సహా 8 నగరాల ఆస్పత్రుల్లో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. కానీ ఆ లెక్కలో గుండె ఆపరేషన్లు లేవు, కాబట్టి పంప్ సంగతులు మనమే చేర్చుకోవాలి: రక్తం రెడీగా ఉందా, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ డోసు ఎంత, ఏసీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం) ఎంత దాటితే పంప్ మీదికి వెళ్తాం (చాలాచోట్ల 480 సెకన్లు). అందరూ తమ పేరు, పని చెప్పాలి. సర్జన్ తనే ముందు చెప్పి, ‘ఏదైనా తేడాగా అనిపిస్తే నన్ను ఆపండి’ అని అందరూ వినేలా అనాలి.

ఇక విన్న మాటను తిరిగి చెప్పడం. ‘హెపారిన్ ఇచ్చాను’ అంటే ‘హెపారిన్ ఇచ్చారు, మూడు నిమిషాలకి ఏసీటీ చూస్తాను’ అనాలి. దీని మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఒకసారి మత్తు డాక్టర్ ప్రోటమిన్ (హెపారిన్ ప్రభావాన్ని తీసేసే మందు) మొదలుపెట్టానన్నది సక్షన్ చప్పుడులో నాకు వినపడలేదు, పంప్ సక్కర్ (కోత దగ్గరి రక్తాన్ని పీల్చి మెషీన్‌కి పంపేది) ఇంకా తిరుగుతూనే ఉంది. ప్రోటమిన్ కలిసిన రక్తం మెషీన్‌లో రక్తం నిలవుండే రిజర్వాయర్‌లోకి చేరితే సర్క్యూట్‌లోనే (మెషీన్ గొట్టాల్లోనే) గడ్డకట్టేస్తుంది, పేషెంట్ మళ్లీ పంప్ మీదికి వెళ్లాల్సి వస్తే చేతిలో ఏమీ ఉండదు. అప్పుడే కొత్తగా చేరిన సిస్టర్ ‘సార్, సక్కర్!’ అని కేకేసింది, వెంటనే ఆపేశాను. సర్జన్ తలెత్తి ‘థాంక్యూ అమ్మా’ అన్నారు. అంతే, ఆ తర్వాత ఆ అమ్మాయి ఏ కేసులోనూ చెప్పడానికి వెనకాడలేదు. ఇప్పుడు మా దగ్గర నేను ‘సక్కర్లు ఆపాను’ అన్నాకే ప్రోటమిన్ సిరంజి కదులుతుంది.

రక్తం అద్దే గాజ్ గుడ్డల లెక్క తేలకపోతే స్టెర్నమ్‌కి (రొమ్ము ఎముకకి) వైర్లు వేసి మూయొద్దు, ఎంత ఆలస్యమైనా సరే, ఎక్స్‌రే తీయండి.

పేషెంట్‌ని ఐసీయూలో అప్పగించేటప్పుడు కూడా గోల పనికిరాదు. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆస్పత్రివాళ్లు ఫెరారీ కార్ రేసు టీమ్ పనితీరు చూసి తమ పద్ధతి మార్చుకున్నారు. ముందు వెంటిలేటర్, మానిటర్, డ్రైన్లు (ఛాతీలోంచి రక్తం బయటికి తీసే గొట్టాలు) తగిలించండి, తర్వాత ఒక్కరే కేసు చెప్పాలి, మిగతావాళ్లు వినాలి. డ్రైన్‌లో గంటకి ఎంత రక్తం దాటితే ఎవరికి ఫోన్ చేయాలో నంబర్‌తో సహా రాసి, ఐసీయూ సిస్టర్ దాన్ని తిరిగి చదివి వినిపించాకే థియేటర్ టీమ్ అక్కణ్నుంచి కదలాలి.