ఏడాది మేటి ‘డ్రైవర్ కారు’ను ఎలా ఎంచాలి? పత్రికల పద్ధతి, మన వరంగల్ రోడ్ల మీద

కారు పత్రికలు ఏటా రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతాయి. ఏ కారు కొనాలి అన్నది మొదటిది. అందులో ధర, మైలేజీ, డిక్కీ, సర్వీసు ఖర్చు, వెనక సీట్లో కాళ్ల చోటు అన్నీ లెక్కకొస్తాయి. ఏ కారు నడుపుతుంటే దిగబుద్ధి కాదు అన్నది రెండోది. బ్రిటన్‌లో ఈవో, ఆటోకార్ ఏటా వెతికేది ఈ రెండో దాన్నే, అమెరికాలో మోటార్ ట్రెండ్ కూడా ఏళ్లపాటు దీన్నే వెతికింది. ఇందులో మైలేజీకి మార్కుల్లేవు, డిక్కీకి మార్కుల్లేవు. స్టీరింగ్ పట్టుకున్న మనిషికి కారు ఏం చెబుతోంది, ఎంత నిజంగా చెబుతోంది అన్నదే పరీక్ష.

వేగమే కొలబద్ద అయితే స్టాప్‌వాచ్ సరిపోయేది, జడ్జీలు అక్కర్లేదు. మోటార్ ట్రెండ్ వాళ్లు కాలిఫోర్నియాలోని లగూనా సెకా ట్రాక్ మీద రేసర్ రాండీ పాబ్స్ట్ చేత ఏళ్లపాటు ల్యాప్ టైములు (ఒక చుట్టుకు పట్టే సమయం) తీయించారు. ఆ ట్రాక్ 3.6 కి.మీ., 11 మలుపులు. అయినా అన్నిటికంటే వేగంగా తిరిగిన కారు బిరుదు పోగొట్టుకున్న ఏళ్లున్నాయి. ల్యాప్ టైము ఒక సాక్ష్యం, తీర్పు మాత్రం జడ్జీలది. ఐదుగురి అభిప్రాయాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చగలిగేలా చేయడం కోసమే మిగతా తతంగమంతా. హన్మకొండలో ఐదుగురు స్నేహితులు, ఐదు కార్లు ఉంటే ఇది ఇక్కడా చేయొచ్చు. ట్రాక్ లేకపోయినా ముప్పావు వంతు పని అవుతుంది.

కార్లను ఎంచడం, సమం చేయడం

పత్రికల్లో ఆ ఏడాది కొత్తగా వచ్చిన కార్లకు, లేదా ఇంజను, సస్పెన్షన్ లాంటివి బాగా మారిన కార్లకు మాత్రమే చోటు. రంగు, బంపరు మారితే సరిపోదు. స్నేహితుల మధ్య ఈ నియమం కుదరదు కాబట్టి ధరకో, ఇంజనుకో ఒక హద్దు పెట్టుకోండి. స్విఫ్ట్, ఐ20 ఎన్ లైన్, వర్టస్ జీటీ ఒకే వరసలో నిలబడొచ్చు. 920 కిలోల చుట్టుపక్కల ఉండే స్విఫ్ట్, 150 పీఎస్ (ఇంజను శక్తి కొలత) వర్టస్‌ను మలుపుల్లో ఇబ్బంది పెట్టగలదు. ఐదుకు మించి పెట్టకండి. ఆరో కారు దగ్గరికి వచ్చేసరికి మొదటిది మనసులో చెరిగిపోతుంది.

ఎక్కువ పరీక్షలు చెడేది టైర్ల దగ్గరే. ఒక కారుకు కంపెనీ టైర్లు, ఇంకోదానికి యజమాని మార్చిన వెడల్పు టైర్లు ఉంటే మీరు పోలుస్తున్నది టైర్లనే. కంపెనీ ఇచ్చిన సైజే ఉండాలి. గాడి లోతు కొలవండి: కొత్త టైరుకు 7–8 మి.మీ. ఉంటుంది, కార్ల మధ్య తేడా 2 మి.మీ. దాటకూడదు. అరిగిన టైరు పొడి రోడ్డు మీద చురుగ్గా అనిపిస్తుంది, ఎందుకంటే పొట్టి రబ్బరు దిమ్మెలు తక్కువ వంగుతాయి. కొత్త టైరు మొదటి 200–300 కి.మీ. కాస్త జారుడుగా, మెత్తగా ఉంటుంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ‘దీని స్టీరింగ్ బాగుంది’ అంటే అది మోసపోవడమే.

గాలి పొద్దున్నే, బండి కదలక ముందే, ఒకే గేజితో కొట్టండి. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉన్న అంకే ప్రమాణం. 33 పీఎస్‌ఐ దగ్గర ప్రతి 10 డిగ్రీల వేడికి సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ పెరుగుతుంది. డిసెంబరులో పొద్దుటి చలికీ మధ్యాహ్నపు ఎండకీ మధ్య మన దగ్గర అంతకంటే ఎక్కువే తేడా ఉంటుంది, పైగా టైరు తిరిగిన వేడి కలుస్తుంది. వేడెక్కిన టైరులోంచి గాలి తీసేయకండి, మర్నాడు పొద్దున తక్కువ పడుతుంది.

వీల్ అలైన్‌మెంట్ చేయించి ఆ ప్రింటు దాచుకోండి. ముందు చక్రాలు కొసరు బయటికి తిరిగి ఉంటే మలుపులోకి చురుగ్గా దిగుతుంది, తిన్నటి రోడ్డు మీద మాత్రం అటూ ఇటూ వెతుక్కుంటుంది. ఆ తప్పు కారు ఖాతాలో పడకూడదు. బ్రేక్ ప్యాడ్లు సగానికి పైగా ఉండాలి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లు దాటితే మార్చండి. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తబడటానికి కారణం చాలాసార్లు ఇదే.

ఇక తూకం. కంపెనీ కాగితం మీది బరువు నమ్మనక్కర్లేదు, లారీలు తూచే ధర్మకాంట చాలు. అందరూ ఒకే బంకులో ట్యాంకు నింపుకొని, డిక్కీ ఖాళీ చేసి వెళ్లండి. మొదట ముందు చక్రాలు మాత్రం కాంటా మీదికి ఎక్కించి తూచండి, తర్వాత మొత్తం కారు. కాంటా, దాని ముందున్న నేల ఒకే మట్టంలో లేకపోతే ముందు బరువు తప్పు చూపిస్తుంది. కాంటా 10 కిలోల మెట్లలో చూపినా పోలికకు పనికొస్తుంది. ముందు చక్రాలతో నడిచే కార్లలో ముందు వైపే 60 శాతం పైన బరువుంటుంది. ఈ అంకె తెలిస్తే, మలుపులో ముక్కు ఎందుకు బయటికి పోతోందో తర్వాత అర్థమవుతుంది.

రోడ్డు, రోజు

మోటార్ ట్రెండ్ వాళ్లు కొండల్లోని ఒక రోడ్డు ముక్కను పోలీసుల సాయంతో మూయించి నడిపేవాళ్లు. మనకు ఆ వీలు లేదు. అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం పెట్టడం, వేగ పరీక్ష చేయడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. బండి బీమా పాలసీలోనూ రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ మినహాయింపులో ఉంటాయి. రోడ్డు మీద బోర్డు మీది వేగమే మన వేగం. ఇందులో నష్టం పెద్దగా లేదు. మంచి డ్రైవర్ కారు 50 దగ్గరే మాట్లాడటం మొదలుపెడుతుంది. 120 దాటితే గానీ బాగుండని కారు ఈ బిరుదుకు తగదు.

మూడు రకాల రోడ్డు కావాలి. తిన్నటిదానికి హన్మకొండ–ములుగు 163వ జాతీయ రహదారి. మలుపులు, చెట్ల నీడ, మారే డాంబరుకు ములుగు దాటాక పస్రా, తాడ్వాయి వైపు అడవి రోడ్డు. అది ఏటూరునాగారం అభయారణ్యం ఇలాకా, జంతువులు అడ్డొస్తాయి, తగ్గి నడపండి. ఎక్కుడు దిగుడు మలుపులకు నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాట్ గానీ, ఆసిఫాబాద్ వైపు కెరమెరి ఘాట్ గానీ. ఇది రెండో రోజు పని, వరంగల్ నుంచి తెల్లారకముందే బయల్దేరాలి.

కాలం విషయంలో నా సలహా ఒకటే: డిసెంబరు రెండో సగం. వానాకాలం గుంతలు అప్పటికి కొంత పూడుస్తారు. అక్టోబరు, నవంబరుల్లో చాలా ఊళ్ల దగ్గర సగం రోడ్డు మీద వడ్లు, మక్కలు ఆరబోసి ఉంటాయి. మక్కల మీద బ్రేకు వేస్తే గోలీల మీద వేసినట్టే, పైగా రైతు పంట నలుగుతుంది. పత్తి బండ్లు ఏనుమాముల మార్కెట్‌కు వరస కట్టే రోజుల్లో వరంగల్ చుట్టూ ఏ రోడ్డూ ఖాళీ ఉండదు. మేడారం జాతర జరిగే ఏడాది మాఘ పౌర్ణమికి ముందూ వెనకా ములుగు రోడ్డు మాట మరిచిపోండి.

ముందురోజు ఒకసారి తిరిగి 8 కి.మీ. ముక్క ఎంచి, దాంట్లో మూడు చోట్లు గుర్తు పెట్టుకోండి: ఒక పొడవాటి మలుపు, మలుపు మధ్యలో గతుకు ఉన్న చోటు, దూరం దాకా కనిపించే బ్రేకింగ్ చోటు. అందరూ ఆ మూడింటి గురించే రాయాలి.

కొలతలు మూసిన చోటనే

పత్రికలు సెకనుకు 10 నుంచి 100 సార్లు వేగం రాసుకునే జీపీఎస్ పెట్టెలు వాడతాయి. మామూలు ఫోను సెకనుకు ఒకసారే రాస్తుంది. 100 కి.మీ. వేగంలో కారు సెకనుకు 27.8 మీటర్లు పోతుంది కాబట్టి ఆ అంకెలతో బ్రేకింగ్ దూరం తేల్చలేరు. అమెరికా పత్రికల 0–60 మైళ్ల (సుమారు 97 కి.మీ.) అంకెలను మన పత్రికల 0–100 కి.మీ. అంకెలతో పోల్చేటప్పుడు ఇంకొకటి గుర్తుంచుకోండి. వాళ్లు కారు కదిలిన మొదటి ఒక అడుగు దూరాన్ని లెక్కలోంచి తీసేస్తారు. సెకనులో నాలుగో వంతు దాకా అక్కడే కలిసొస్తుంది.

వేగ పరీక్షలు చేయాలనుంటే చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వే ఉన్నాయి. అంత దూరం పోలేకపోతే యజమాని అనుమతితో విశాలమైన సిమెంటు యార్డు చూసుకోండి. చుట్టూ 30 మీటర్ల వరకు గోడ, స్తంభం ఉండకూడదు. సున్నంతో గుండ్రంగా గీత గీసి, కారు నడిమధ్య 15 మీటర్ల వ్యాసార్థంలో తిరిగేలా నడపండి. ముందు టైర్లు కీచుమని గీత దాటడం మొదలయ్యే దాకా మెల్లగా వేగం పెంచి, ఒక చుట్టు సమయం తీయండి. వ్యాసార్థాన్ని 4.02తో గుణించి, సెకన్లను సెకన్లతో గుణించగా వచ్చిన దానితో భాగిస్తే పట్టు ఎన్ని ‘జీ’లో (భూమి ఆకర్షణతో పోల్చిన కొలత) వస్తుంది. 8.5 సెకన్లు పడితే సుమారు 0.83. వేగం 40 మాత్రమే. ఎడమవైపు మూడు, కుడివైపు మూడు చుట్లు తీసి సగటు కట్టండి. అంతకు మించితే టైరు అంచులు పోతాయి, రేపటి జడ్జీకి చెడ్డ టైరు అప్పగించినట్టవుతుంది.

నడిపే వరస

ఐదు కార్లు ఒకేసారి బయల్దేరాలి, మధ్య కనీసం 200 మీటర్ల ఎడం. 8 కి.మీ. వెళ్లి రావడం, పది నిమిషాలు రాసుకోవడం, సీట్లు మారడం. ఒక్కో విడతకు 35 నిమిషాలు వేసుకుంటే ఐదు విడతలు మూడు గంటల లోపు. మధ్యాహ్నం మళ్లీ అదే, కానీ వరస తిరగేసి. ఈ తిరగేయడం వదిలేయకండి. పొట్టి స్విఫ్ట్ దిగి ఎస్‌యూవీ ఎక్కితే అది ఏనుగులా అనిపిస్తుంది, లారీ దిగి ఎక్కినవాడికి అదే ఎస్‌యూవీ చురుగ్గా ఉంటుంది. ముందు ఎక్కిన కారు నీడ పోవాలంటే రెండో విడతలో వరస మారాలి.

పరీక్షలో లేని, అందరికీ అలవాటైన ఇంకో కారును వెంట తెచ్చుకోండి. పొద్దున మొదట దాన్ని నడిపి మార్కులేసి, సాయంత్రం చివర మళ్లీ నడపండి. ఎవరి రెండు అంకెలు పదికి పైగా తేడా పడితే ఆ రోజు వాళ్ల కొలబద్ద జారింది, మాట్లాడుకొని సరిచూసుకోవాలి.

నోట్సు రాయడం అయ్యేదాకా కార్ల గురించి ఒక్క మాట అనకూడదు. చాయ్ దగ్గర ఒకరు ‘స్టీరింగ్ చచ్చిపోయింది’ అన్నారంటే మిగతా నలుగురికీ అది చచ్చినట్టే కనిపిస్తుంది. ఈ నియమం తప్పిన పరీక్షలో మిగతా జాగ్రత్తలన్నీ వృథా.

ఏం గమనించాలి

స్టీరింగ్‌తో మొదలుపెట్టండి. తిన్నటి రోడ్డు మీద రెండు వేళ్ల వెడల్పు తిప్పితే కారు స్పందిస్తోందా, లేక మధ్యలో ఖాళీ ఉందా? బరువుగా ఉండటం వేరు, కబురు చెప్పడం వేరు. స్పోర్ట్ మోడ్ చాలా కార్లలో బరువు మాత్రం పెంచుతుంది. పొడవాటి మలుపులో చేతులు కదపకుండా పట్టుకోండి. టైరుకు పట్టు తగ్గుతుంటే స్టీరింగ్ కొద్దిగా తేలికపడాలి. ఆ మార్పు తెలియని కారులో డ్రైవర్ ఊహతో నడుపుతున్నట్టే. మలుపు నుంచి బయటపడుతూ రెండో గేరులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు స్టీరింగ్ చేతుల్లోంచి గుంజుకుంటే అదీ రాయండి.

బ్రేకులో మొదటి సెంటీమీటరు ముఖ్యం. తాకగానే పట్టేసే పెడల్ షోరూంలో మెప్పిస్తుంది, కానీ మలుపు ముందు కొద్దికొద్దిగా వదలడానికి అడ్డుపడుతుంది. ఘాట్ దిగాక పెడల్ లోతు పొద్దుటికంటే పెరిగిందా చూడండి. దిగిన వెంటనే హ్యాండ్ బ్రేక్ వేసి ఆపకండి, వేడి డిస్కు మీద ప్యాడు ఒకేచోట అంటుకొని తర్వాత వణుకు పుడుతుంది. రెండు మూడు కిలోమీటర్లు మెల్లగా తిప్పి, గేరులో పెట్టి, చక్రాల కింద రాయి పెట్టండి.

మలుపు మధ్యలో గతుకు ఉన్న చోటే సస్పెన్షన్ నిజం బయటపడుతుంది. కారు వంగడం తప్పు కాదు. ఎంత వంగుతుందో ముందే తెలిసేలా, ఒకే తీరున వంగితే మంచిది. గతుకు తగలగానే పక్కకు ఎగిరి అడుగు జరిగితే గట్టి స్ప్రింగుల పాపం. తగిలాక రెండోసారి, మూడోసారి ఊగితే డ్యాంపర్ల (షాక్ అబ్జార్బర్ల) పాపం. మన రోడ్లకు మొదటి తప్పే పెద్దదని నా లెక్క.

గేరు, సీటు, పెడళ్ల కోసం ఎక్కువ రాయక్కర్లేదు. మూడో గేరు నుంచి రెండోకు చూడకుండా పడుతోందా, ఆటోమేటిక్ అయితే అడిగినప్పుడు కిందికి దిగుతోందా, మలుపులో ఒళ్లు జారకుండా మోకాలు తలుపుకు ఆనించుకోవాల్సి వస్తోందా అన్నవి చాలు. సైలెన్సర్ మోతకు మాత్రం జాగ్రత్త. అది ప్రతి అంశానికీ దొంగచాటుగా ఐదు మార్కులు కలుపుతుంది.

మార్కులు

ఈవో జడ్జీలు ఒక్కో కారుకు నూటికి మార్కులేసి సగటు తీస్తారు. ఐరోపా కార్ ఆఫ్ ది ఇయర్‌లో ఒక్కో జడ్జీ చేతిలో 25 పాయింట్లుంటాయి. కనీసం ఐదు కార్లకు పంచాలి, ఏ కారుకూ 10కి మించకూడదు, పైస్థానంలో రెండిటిని సమానంగా పెట్టకూడదు.

నూటికి వేసే పద్ధతిలో ఒక చిక్కుంది. ముగ్గురు జడ్జీలు, రెండు కార్లు అనుకోండి. ఒకరు ఎర్ర కారుకు 95, తెల్లదానికి 70 వేశారు. మిగతా ఇద్దరు ఎర్రదానికి 84, 83, తెల్లదానికి 86, 85 వేశారు. మొత్తం ఎర్రది 262, తెల్లది 241. ఇద్దరికి తెల్లదే నచ్చినా ఎర్రది 21 తేడాతో గెలిచింది, ఒకరి కలం బరువు అలాంటిది. 25 పాయింట్ల పద్ధతిలో ఆ ఒక్కరు ఎంత ఊగినా 10 దగ్గర ఆగాలి. ఐదుగురు జడ్జీలకు ఇదే మేలు. నూటి మార్కులు నోట్సులో పెట్టుకోండి, ఓటు పాయింట్లతో వేయండి. సమానం వస్తే ఎక్కువమంది మొదటి స్థానం ఇచ్చినది గెలుస్తుందని ముందే రాసుకోండి, లెక్క తేలాక పెట్టే నియమానికి విలువ లేదు. సొంత కారుకు యజమాని ఓటు వేస్తే లెక్క చెడుతుంది, మానేస్తే అతని 25 మిగతావాటికి పోతాయి. అందుకని యజమాని ఓటు తీసేసి, ప్రతి కారుకూ మిగిలిన నలుగురి సగటే తీసుకోండి.

ఓట్లు మడిచి పెట్టెలో వేశాకే చర్చ. చర్చ తర్వాత ఓటు మార్చాలనిపిస్తే అదే గుర్తించిన మలుపు దగ్గరికి ఆ కారును మళ్లీ తీసుకెళ్లి నడిపి రావాలి, కుర్చీలో కూర్చుని మార్చకూడదు. ఫలితం బయటపెట్టేటప్పుడు గెలిచిన కారు పేరొక్కటే కాకుండా ఐదుగురి పాయింట్లు విడివిడిగా, ప్రతి కారు టైరు బ్రాండు, గాడి లోతు, పొద్దుటి గాలి, కాంటా బరువు, ఆ రోజు ఎండ, వాన వివరం కూడా పెట్టండి. వచ్చే డిసెంబరులో కొత్త కార్లను ఈ జాబితా పక్కన పెట్టి చూసేవాళ్లకు అవే కావాలి.