మాగ్నెటిక్ పార్టికల్ టెస్టింగ్ – 4వ పాఠం: పౌడర్‌ను మోసే ద్రవం

ఈ పరీక్షలో ఇనుప భాగాన్ని కరెంటుతో అయస్కాంతంగా మారుస్తాం, పగులున్న చోట ఇనుప పౌడర్ పోగవుతుంది. పోయిన పాఠంలో ఆ కరెంటు ఎంత, ఏ దిశలో ఇవ్వాలో చూశాం. ఇప్పుడు వెట్ పద్ధతిలో (పౌడర్‌ను ద్రవంలో కలిపి భాగం మీద పోసే పద్ధతి) పౌడర్‌ను పగులు దాకా మోసుకెళ్లే ద్రవం సంగతి.

చిన్న షాపుల్లో ఈ పనికి చటుక్కున గుర్తొచ్చేది కిరోసిన్. వద్దు. మన ప్రమాణాల్లో కిరోసిన్ ఫ్లాష్ పాయింటు (నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే కనీస వేడి) 35 డిగ్రీలుంటే చాలు. మే నెలలో చెన్నై అంబత్తూరు రేకుల షెడ్లలో గాలే అంతకంటే వేడిగా ఉంటుంది. కాంటాక్టు ప్యాడ్ (భాగానికి కరెంటు అందించేది) సరిగ్గా ఆనక ఒక్క నిప్పురవ్వ లేస్తే చాలు, అంటుకుంటుంది. పైగా కిరోసిన్ బ్లాక్ లైట్ (మెరిసే పౌడర్‌ను చూడటానికి వాడే అతినీలలోహిత దీపం) కింద తానే నీలంగా మెరుస్తుంది, సన్నటి పగులు అందులో కలిసిపోతుంది.

ఆయిలే కావాలంటే ఈ పనికోసం తయారైన డిస్టిలేట్ (శుద్ధి చేసిన పెట్రోలియం నూనె) కొనండి. డేటా షీట్‌లో ఫ్లాష్ పాయింటు కనీసం 93 డిగ్రీలు, 38 డిగ్రీల దగ్గర స్నిగ్ధత (చిక్కదనం) 3 సెంటీస్టోక్స్‌కు మించకుండా ఉండాలి. బాత్ (పౌడర్ కలిపిన ద్రవం) వేడిమిలో స్నిగ్ధత 5 దాటితే పౌడర్ నెమ్మదిగా ఈదుతుంది, పగులు దగ్గర చేరేలోపే అరసెకను కరెంటు షాట్ అయిపోతుంది.

నీళ్లు చవక, నిప్పు భయం లేదు, పౌడర్ చురుగ్గా కదులుతుంది. కానీ ఉత్త నీళ్లు జిడ్డు ఉపరితలాన్ని తడపవు, పైగా తుప్పు పట్టిస్తాయి. అందుకే వెట్టింగ్ ఏజెంటు, తుప్పు నిరోధకం, నురగ తగ్గించేది కలిసిన కండిషనర్ వేయాలి. చెన్నై బోరునీళ్లు ఉప్పన, డీఎం (ఖనిజ లవణాలు తీసేసిన) నీళ్లే వాడండి. అధిక బలం గల స్టీలు భాగాలకు మాత్రం హైడ్రోజన్ పెళుసుదనం (హైడ్రోజన్ చేరి స్టీలు పెళుసవడం) భయం ఉంది, వాటికి ఆయిలే మేలు.

కండిషనర్ చాలిందా? శుభ్రం చేసిన భాగం మీద బాత్ పోసి ఆపండి. పొర ఎక్కడా తెగకుండా నిలవాలి. చేమాకు మీద నీళ్లలా విడిపోతే వెంటనే కండిషనర్ గుమ్మరించకండి. ముందు భాగాన్ని మళ్లీ కడిగి చూడండి, ఎక్కువసార్లు తప్పు అక్కడే ఉంటుంది. అప్పటికీ తెగితే కొంచెం కొంచెంగా కలపండి. ఎక్కువైతే నురగ వచ్చి పౌడర్‌ను ఎత్తుకుపోతుంది. నున్నటి గ్రైండింగ్ ఉపరితలానికి గరుకు ఫోర్జింగ్‌కంటే ఎక్కువ కావాలి. ఆవిరైన లోటుకు ఉత్త నీళ్లు పోయండి. భాగాలతో పోయిన లోటుకు కలిపిన బాత్ పోయండి.

రోజూ పని మొదలుపెట్టే ముందు 30 నిమిషాలు పంపు తిప్పి, 100 మి.లీ. సెట్లింగ్ ట్యూబులోకి (పౌడర్ అడుగుకు దిగితే కొలిచే గీతల గొట్టం) పట్టి, డీమాగ్నటైజ్ చేసి నిలపండి: నీళ్లయితే అరగంట, ఆయిలైతే గంట. ఫ్లోరోసెంట్ పౌడర్ 0.1 నుంచి 0.4 మి.లీ. దిగాలి. పైన తేరిన ద్రవం బ్లాక్ లైట్ కింద మెరిస్తే బాత్ మొత్తం పారబోయాల్సిందే.

పౌడర్ రకాలు 5వ పాఠంలో.