“వాళ్ళెందుకు అరుస్తున్నారు?”: జాతి వివక్షపై నిరసనల గురించి చిన్న పిల్లలకు ఎలా చెప్పాలి?

2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి ఆయన ఒక పోలీసు చేతిలో చనిపోయాక అమెరికాలో ఊరూరా జనం రోడ్డెక్కారు. ఇలాంటిది జరిగిన ప్రతిసారీ టీవీ ముందున్న ఐదేళ్ళ పిల్లకి కనిపించేది గుంపు, పొగ, అరుపులు. కారణం కనిపించదు. “నీకెందుకులే, వెళ్ళి ఆడుకో” అంటే ఆ కారణాన్ని తనే ఊహించుకుంటుంది, ఆ ఊహ ఒక్కోసారి నిజం కన్నా భయంగా ఉంటుంది. నాలుగు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలున్న ఇంట్లో ఈ మాట ఎలా మొదలుపెట్టాలో చూద్దాం. ముఖ్యంగా అమెరికాలో ఉన్న తెలుగు అమ్మానాన్నల కోసం.

1. ముందు టీవీ కట్టేయండి

ఒకే వీడియోని పదిసార్లు చూపిస్తే, అది పదిసార్లు జరిగిందనుకునే వయసు వాళ్ళది. ఫ్లాయిడ్ చనిపోతున్నప్పటి వీడియో పిల్లలకు అస్సలు చూపించొద్దు. టీవీ ఆపి “స్కూల్లో ఏమనుకుంటున్నారు నాన్నా? నువ్వేం చూశావు?” అని అడగండి. వాళ్ళకి ఎంత తెలుసో తెలిస్తే ఎంత చెప్పాలో తెలుస్తుంది.

2. గుంపు గురించి కాదు, కారణం గురించి చెప్పండి

నాలుగైదేళ్ళ వాళ్ళకి ఇంత చాలు: “ఈ దేశంలో చాలా కాలంగా ఒంటి రంగు చూసి కొంతమందిని అన్యాయంగా చూస్తున్నారు. అది ఆపండి అని అడగడానికి వీళ్ళంతా కలిసి వచ్చారు.”

ఏడెనిమిదేళ్ళ వాళ్ళకి అసలు సంగతే చెప్పొచ్చు: “ఒక పోలీసు జార్జ్ ఫ్లాయిడ్ అనే ఆయన మెడ మీద మోకాలు పెట్టి తొమ్మిది నిమిషాలకు పైగా తియ్యలేదు. ఊపిరాడట్లేదని చెప్పినా వినలేదు. ఆయన చనిపోయాడు. నల్లజాతి వాళ్ళకి ఇలా జరగడం ఇది మొదటిసారి కాదు. అందుకే జనానికి కోపం, బాధ.” “మనుషులంతా ఒకటే” అని సరిపెట్టకండి. రంగుల్లో తేడా మూడేళ్ళ పిల్లలకే కనిపిస్తుంది. తేడా ఉంటే తప్పు లేదని, దాన్ని బట్టి విలువ కట్టడమే తప్పని చెప్పండి.

3. ఒక నిజమైన కథ చెప్పండి, మొత్తం చెప్పండి

పిల్లలకు బాగా పట్టే కథ మాంట్‌గోమరీ బస్సులది. అలబామాలోని ఆ ఊళ్ళో సిటీ బస్సుల్లో ముందు సీట్లు తెల్లవాళ్ళవి, నల్లవాళ్ళు వెనక కూర్చోవాలి. బస్సు నిండితే నల్లవాళ్ళు లేచి సీటివ్వాలి. 1955 డిసెంబర్ 1న రోజా పార్క్స్ అనే నల్లజాతి ఆవిడ లేవనంది. పోలీసులు అరెస్టు చేశారు.

చాలామంది ఇక్కడే ఆపేస్తారు. అలసిపోయిన ఓ పెద్దావిడ కూర్చుండిపోయింది, దేశం మారిపోయింది అన్నట్టు. ఆమె వయసు అప్పుడు 42. హక్కుల కోసం పోరాడే సంఘంలో అప్పటికే ఏళ్ళ తరబడి పనిచేస్తోంది. అదే ఏడాది మార్చిలో అదే ఊళ్ళో 15 ఏళ్ళ క్లాడెట్ కాల్విన్ కూడా సీటు ఇవ్వనని అరెస్టయింది. ఆ పిల్ల సంగతి చెప్పండి, మీ వాళ్ళు చెవులు రిక్కించి వింటారు. తర్వాత నల్లవాళ్ళు 381 రోజులు బస్సెక్కలేదు. నడిచారు, కార్లున్నవాళ్ళు లేనివాళ్ళని ఎక్కించుకున్నారు. కోర్టులో కేసు వేశారు. ఆ కేసులో క్లాడెట్ కూడా ఉంది. చివరికి సుప్రీంకోర్టు ఆ సీట్ల పద్ధతి చెల్లదంది. నిరసనంటే అరవడమే కాదు, బస్సెక్కకుండా ఏడాది పైగా నడవడం కూడా అని అప్పుడు అర్థమవుతుంది.

ఒకటో క్లాసు పిల్లలకైతే రూబీ బ్రిడ్జెస్ కథ. 1960లో న్యూ ఆర్లీన్స్‌లో ఆరేళ్ళ నల్లజాతి పాప రూబీ తెల్లపిల్లల స్కూలుకి మార్షల్స్ (కేంద్ర ప్రభుత్వ పోలీసులు) కాపలాతో వెళ్ళింది. ఆ ఏడాదంతా క్లాసులో తనూ టీచరమ్మా ఇద్దరే.

కథ చివర “అంతే, అన్నీ బాగైపోయాయి” అనకండి. మరి ఇప్పుడెందుకు ఊరేగింపులు అని వెంటనే అడుగుతారు.

4. ఇబ్బంది పెట్టే ప్రశ్నలకి చిన్న జవాబులు

“పోలీసులు చెడ్డవాళ్ళా?” “ఆ పోలీసు తప్పు చేశాడు, కోర్టు ఇరవై రెండున్నరేళ్ళ జైలు వేసింది. సాయం చేసే పోలీసులూ ఉన్నారు. తప్పు చేసినవాళ్ళని ఆపే పద్ధతి గట్టిగా ఉండాలని జనం అడుగుతున్నారు.”

“అద్దాలు పగలగొట్టారుగా?” “కొందరు పగలగొట్టారు, అది తప్పే. ఎక్కువమంది ప్రశాంతంగా నడిచారు.”

“ఇండియాలో ఇలా లేదా?” అని పెద్ద పిల్లలు అడుగుతారు. లేదని బుకాయించొద్దు. కులం పేరుతో ఉంది, దాని మీద కూడా పోరాడారు, పోరాడుతున్నారు అనండి.

“మనకేమైనా అవుతుందా?” అన్నదానికి ముందు దగ్గరికి తీసుకోండి. “మేం నీతోనే ఉన్నాం” అన్నాకే మిగతా మాటలు.

5. ఇంట్లో మాటలు సరిచూసుకోండి

అన్నిటికన్నా కష్టమైనది ఇదేనని నా అభిప్రాయం. బోర్డు పట్టుకుని ర్యాలీకి వెళ్ళొచ్చి, సాయంత్రం ఇల్లు కొనే కబుర్లలో “అది నల్లోళ్ళ ఏరియా, వద్దు” అంటే పిల్లలకి గుర్తుండేది ఆ రెండోదే. వీడియో కాల్‌లో అమ్మమ్మ “ఎండలో తిరక్కే, నల్లబడిపోయావు” అంటుంది. సంబంధాల కబుర్లలో “పిల్ల చామనఛాయేగానీ కళగా ఉంటుంది” అని ఎవరో అంటే, పక్కన ఆడుకుంటున్న పాప తన చెయ్యి చూసుకుంటుంది.

అమ్మమ్మతో గొడవ అక్కర్లేదు. ఫోన్ పెట్టాక ఆవిడకే విడిగా చేసి, “అమ్మా, పిల్ల ముందు రంగు మాట వద్దమ్మా, స్కూల్లో అదే మాట ఇంకొకరిని అంటుంది” అని చెప్పండి. పెద్దవాళ్ళు ఓ పట్టాన ఒప్పుకోరు, కానీ మనవరాలి కోసం తగ్గుతారు.

కాస్త పెద్ద పిల్లలకి ఇంకొకటి చెప్పొచ్చు. 1946 నాటి అమెరికా చట్టం ప్రకారం ఇండియా నుంచి ఏడాదికి వందమందినే ఇక్కడికి వలస రానిచ్చేవారు. దేశాల వారీ కోటాలు తీసేసిన 1965 చట్టం, నల్లజాతి వాళ్ళ పౌరహక్కుల ఉద్యమం నడిచిన రోజుల్లోనే, ఆ ఊపులోనే వచ్చింది. మనవాళ్ళు ఎక్కువగా వచ్చింది ఆ తర్వాతే.

6. ర్యాలీకి తీసుకెళ్తారా?

తీసుకెళ్ళి తీరాలని లేదు. వెళ్తే పగటి పూట, కుటుంబాలు వచ్చేదానికి వెళ్ళండి. గుంపు మధ్యలో కాకుండా అంచున నడవండి. మీ ఫోన్ నంబర్ పిల్లల చేతి మీద పెన్నుతో రాయండి. నీళ్ళు, ఏదైనా చిరుతిండి పెట్టుకోండి. అర్థం కాని నినాదం వాళ్ళ చేతికివ్వకండి, వాళ్ళు అనుకున్నదే వాళ్ళనే రాసుకోనివ్వండి, అక్షర దోషాలున్నా సరే. “ఇంటికెళ్దాం” అంటే అప్పుడే వచ్చేయండి.