గొంతు గొట్టం చప్పుడు మారితే: ట్రకియాస్టమీ రోగికి ఇంట్లో వచ్చే సమస్యలు, పరిష్కారాలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఊళ్లలో ‘గొంతుకు పైపు వేసిండ్రు’ అని చెప్పుకునేదే ట్రకియాస్టమీ. మెడ ముందు భాగంలో, స్వరపేటికకు కిందుగా శ్వాసనాళానికి రంధ్రం చేసి, అందులో వంపు తిరిగిన చిన్న గొట్టాన్ని అమర్చుతారు. విజయవాడ రహదారి మీదనో, బెంగళూరు రహదారి మీదనో తలకు దెబ్బ తగిలి వారాల తరబడి వెంటిలేటరు మీద ఉన్నవారు, పురుగుల మందు విషంతో ఊపిరి కండరాలు పట్టు తప్పినవారు, పక్షవాతం వచ్చి దగ్గలేక, మింగలేక పోయినవారు, బీడీ, చుట్ట అలవాటుతో గొంతు కేన్సర్ తెచ్చుకున్నవారు ఇలాంటి గొట్టంతో ఇంటికి వస్తుంటారు. డిశ్చార్జికి ముందు రోగి వెంట ఉండేవాళ్లకు ఈ సేవ నేర్పించే నర్సుగా నేను మొదట చెప్పేది గొట్టం చప్పుడు వినడం గురించే. చాలాసార్లు గొట్టం మూసుకుపోవడానికి కొన్ని గంటల ముందే దాని చప్పుడు మారుతుంది, ఆ మార్పు మొదట తెలిసేది మంచం పక్కన పడుకున్న మనిషికే.

ఇక్కడ చెప్పే పనులన్నీ ఆసుపత్రిలో నర్సు ఎదుట మీ చేతులతో చేసి చూసిన తరువాతే ఇంట్లో చేయాలి. డిశ్చార్జి కాగితం మీద గొట్టం సైజు, కంపెనీ, దానికి కఫ్ (గొట్టం చుట్టూ గాలితో ఉబ్బే చిన్న సంచి) ఉందో లేదో, చివరిసారి ఎప్పుడు మార్చారో రాయించుకోండి. అన్నిటికన్నా ముఖ్యంగా రోగికి స్వరపేటిక ఉందా, ఆపరేషన్‌లో మొత్తంగా తీసేశారా అన్నది డాక్టరును అడిగి తెలుసుకోండి. స్వరపేటిక పూర్తిగా తీసేసిన రోగికి నోటితో, ముక్కుతో ఊపిరితిత్తులకు దారే ఉండదు కాబట్టి ఆక్సిజన్ మాస్కు ముఖానికి పెట్టినా ఫలితం ఉండదు, మెడ దగ్గరే పెట్టాలి. ఈ మాట మంచం పైన గోడకు పెద్ద అక్షరాలతో రాసి అంటించిన ఇంట్లో, 108 సిబ్బంది వచ్చినప్పుడు ఒక్క నిమిషం కూడా వృథా కాదు.

గురగురమనే చప్పుడు, తడి దగ్గు

గొట్టంలో తెమడ చేరితే హుక్కాలో నీళ్లు మరిగినట్లు చప్పుడు వస్తుంది. రోగి దగ్గగలిగితే ముందు దగ్గనివ్వండి. దగ్గుతో బయటికి వచ్చిన తెమడను గుడ్డతో తుడిచేస్తే చాలాసార్లు అంతటితో సరిపోతుంది. అలా పోకపోతేనే సక్షన్ చేయాలి, అంటే మిషన్‌కు తగిలించిన సన్నని పైపుతో తెమడను లాగాలి. గంటకోసారి అని గడియారం చూసి సక్షన్ చేసే ఇళ్లు నేను చూశాను. అవసరం లేని సక్షన్ శ్వాసనాళపు లోపలి పొరను గీకుతుంది, ఆ గాయం మళ్లీ తెమడను పెంచుతుంది, దాంతో ఇంకా ఎక్కువసార్లు సక్షన్ చేయవలసి వస్తుంది.

సక్షన్ పైపు సైజుకు ఒక లెక్క ఉంది. గొట్టం సైజులోంచి 2 తీసివేసి, మిగిలిన దాన్ని 2తో గుణించాలి. 8 నంబరు గొట్టానికి 12 నంబరు పైపు, 7 నంబరు గొట్టానికి 10 నంబరు పైపు సరిపోతాయి. అంతకన్నా లావు పైపు పెడితే గొట్టంలో గాలికి చోటు మిగలదు. పెద్దవారికి మిషన్ ఒత్తిడి 100 నుంచి 120 మిల్లీమీటర్ల పాదరసం (mmHg) మధ్య ఉంచాలి, 150 దాటనివ్వకూడదు. చేతులు సబ్బుతో కడుక్కుని, గ్లౌజులు వేసుకుని, పైపును లోపలికి పంపేటప్పుడు దాని పక్కన ఉండే రంధ్రాన్ని వేలితో మూయకుండా, గొట్టం పొడవు మేరకు లేదా అర సెంటీమీటరు ఎక్కువగా మాత్రమే పంపాలి. బయటికి తీసేటప్పుడు మాత్రమే ఆ రంధ్రాన్ని మూసి, నెమ్మదిగా తిప్పుతూ తీయాలి. లోపలికి పంపింది మొదలు బయటికి తీసేవరకు 10 సెకన్లు దాటకూడదు. మీరు కూడా ఊపిరి బిగబట్టి చేస్తే, రోగికి ఎప్పుడు కష్టమవుతుందో మీకే తెలిసిపోతుంది. మళ్లీ చేయవలసి వస్తే, రోగి కాసేపు తెరిపిన పడి ఊపిరి తీసుకున్న తరువాతే చేయాలి.

ఈల చప్పుడు, బంక లాంటి తెమడ

ఇక్కడ కొంచెం ఎక్కువ సేపు ఆగాలి, ఎందుకంటే మా ప్రాంతంలో ఎక్కువగా కష్టం తెచ్చేది ఇదే. మనం పీల్చే గాలిని ముక్కు వెచ్చబరిచి, తడిపి, దుమ్ము వడగట్టి లోపలికి పంపుతుంది. మెడలో గొట్టం ఉన్న మనిషికి ముక్కు చేసే ఆ పని ఆగిపోతుంది. గాలి ఎలా ఉంటే అలాగే నేరుగా శ్వాసనాళంలోకి పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో పాలమూరు వడగాలి, పత్తి ఏరేటప్పుడు లేచే నూగు, కల్లంలో వడ్లు తూర్పార పట్టేటప్పుడు లేచే దుమ్ము, పొయ్యి పొగ అన్నీ ఆ దారినే పోతాయి. తెమడ ఎండి, గొట్టం లోపలి గోడకు అట్ట కట్టి, దారి ఇరుకైనప్పుడు ఊపిరి ఈలగా వినిపిస్తుంది. గురగుర కన్నా ఈ చప్పుడుకే ఎక్కువ భయపడాలి, అయితే ఇళ్లలో జరిగేది దీనికి విరుద్ధం. గురగుర వింటే కంగారు పడతారు, ఈల వింటే ‘తెమడ తగ్గింది, పైపు ఆరింది’ అని సంతోషపడతారు.

ఈల వినిపించగానే లోపలి గొట్టాన్ని తీసి చూడండి. ఇంటికి పంపే గొట్టాల్లో చాలావాటికి రెండు పొరలు ఉంటాయి. బయటిది మెడలోనే ఉంటుంది, లోపలిది తాళం తిప్పినట్లు తిప్పితే ఊడివస్తుంది. ఈ లోపలి గొట్టాన్ని రోజుకు కనీసం రెండు మూడుసార్లు తీసి కడగాలి, తెమడ ఎక్కువ ఉంటే ఇంకా ఎక్కువసార్లు. ఒక చేత్తో బయటి గొట్టం రెక్కను గట్టిగా పట్టుకున్నాకే రెండో చేత్తో లోపలిది తీయాలి. తీసిన వెంటనే శుభ్రం చేసి ఉంచిన రెండో లోపలి గొట్టాన్ని పెట్టి, మురికిదాన్ని తీరిగ్గా కడగవచ్చు. కాచి చల్లార్చిన నీళ్లు, కొద్దిగా సబ్బు, సన్నని బ్రష్ చాలు. మా బోరు నీళ్లలో ఉప్పులెక్కువ, నేరుగా వాడితే గొట్టం మీద తెల్లటి పొర కడుతుంది. కాచి, తేరిన నీటిని పైనుంచి వంపుకుని వాడుకోవడం మేలు. ఉక్కు, వెండి గొట్టాలను నీళ్లలో మరిగించవచ్చు గాని ప్లాస్టిక్ గొట్టాలను మరిగిస్తే వాటి రూపం చెడిపోతుంది.

కడగడంతో ఆ పూట గడుస్తుంది, అసలు కారణం మాత్రం గాలి పొడితనమే. డాక్టరు చెప్పిన మేరకు రోజుకు కొన్నిసార్లు ఉత్త సెలైన్‌తో నెబులైజర్ (ద్రవాన్ని సన్నని తుంపరగా మార్చే మిషన్) పెట్టాలి. గొట్టం మూతికి తగిలించే, తేమను పట్టి ఉంచే ఫిల్టరును చాలామంది కృత్రిమ ముక్కు అంటారు. అది దొరికితే వాడి, మురికి పట్టగానే మార్చాలి. దొరకకపోతే పలుచటి తడి గాజుగుడ్డను మెడకు ముందు వేలాడేలా కట్టి, ఆరినప్పుడల్లా తడపాలి. సెలైన్ చుక్కలను నేరుగా గొట్టంలో పోయడం డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప చేయకండి. కిడ్నీ, గుండె జబ్బుల వల్ల నీళ్లు తగ్గించమని చెప్పిన వారు తప్ప మిగతావారు నీళ్లు, మజ్జిగ బాగా తీసుకోవాలి, ముక్కు పైపు (ముక్కులోంచి కడుపులోకి వేసే ఆహారపు పైపు) ద్వారా ఇచ్చినా సరే. అగరుబత్తి, సాంబ్రాణి, దోమల కాయిల్, బీడీ ఆ గదిలోకి రాకూడదు. చుట్టాలు దేవుడి విభూది తెచ్చి మెడకు రాస్తామంటే నుదుటికి రాయమనండి. పౌడరుకూ ఇదే మాట.

చప్పుడే లేదు, రోగి కొట్టుకుంటున్నాడు

గొట్టం మూసుకుపోయిందనే అనుకోవాలి. ఒకరు 108కు ఫోన్ చేస్తుండగా రెండో మనిషి మెడ దగ్గర ఉండాలి. గొట్టం మూతికి మాట్లాడే వాల్వ్ (గాలిని లోపలికి మాత్రమే పోనిచ్చి, మాట వచ్చేలా చేసే మూత), బిరడా, ఫిల్టర్ ఏది ఉన్నా ముందు తీసేయండి. తరువాత లోపలి గొట్టాన్ని లాగేయండి. చాలాసార్లు ఇంతటితోనే ఊపిరి ఆడుతుంది. ఆడకపోతే సక్షన్ పైపు పంపండి. పైపు లోపలికి దిగితే తెమడ లాగండి. దిగకపోతే, కఫ్ ఉన్న గొట్టమైతే సిరంజితో కఫ్‌లోని గాలి తీసేయండి, దానివల్ల గొట్టం చుట్టూ గాలికి కొంత దారి ఏర్పడుతుంది. అప్పటికీ రోగి పెదవులు నీలంగా మారుతుంటే, మూసుకుపోయిన గొట్టం మెడలో ఉండి ఏ ఉపయోగమూ లేదు. నేర్చుకున్న పద్ధతిలో మొత్తం గొట్టాన్ని తీసి కొత్తది పెట్టాలి. ఆసుపత్రిలో నేర్పినా ఇళ్లలో చేతులు వణికేది ఇక్కడే. గొట్టం తీస్తే మనిషి పోతాడన్న భయం సహజమే, కానీ మూసుకుపోయిన గొట్టాన్ని అలాగే ఉంచడమే ప్రాణం తీస్తుంది.

గొట్టం ఊడి బయటికి వచ్చింది

దగ్గినప్పుడు, పక్క తిప్పినప్పుడు, మతి స్థిమితం లేని రోగి లాగినప్పుడు ఇది జరుగుతుంది. అసలు కారణం మెడ చుట్టూ కట్టిన నాడా వదులు కావడమే. నాడాకు, మెడకు మధ్య ఒక వేలు పట్టేంత సందు ఉండాలి, అంతకు మించకూడదు. నాడా మార్చేటప్పుడు ఇద్దరు ఉండి, ఒకరు గొట్టాన్ని పట్టుకోవాలి.

ఊడితే రోగి భుజాల కింద చుట్టిన దుప్పటి పెట్టి మెడ కొంచెం వెనక్కు వాలేలా పడుకోబెట్టండి. కొత్త గొట్టం లోపల ఆబ్ట్యురేటర్ అనే నున్నటి మొన గల కడ్డీ పెట్టి, నీళ్లలో కరిగే జెల్లీ రాసి, ముందు వెనక వైపుకు, తరువాత కింది వైపుకు వంపు తిప్పుతూ పంపాలి. కొబ్బరి నూనె, వ్యాజిలైన్ వాడకూడదు. గొట్టం దిగిన మరుక్షణం ఆబ్ట్యురేటర్ తీసేయాలి, అది ఉన్నంతసేపు గాలి ఆడదు. గొట్టం ముందు దూది పోగు పట్టుకుంటే ఊపిరికి కదలాలి. అదే సైజు పట్టకపోతే ఒక సైజు చిన్నది ప్రయత్నించండి. అదీ దిగకపోతే బలవంతం చేయకండి. స్వరపేటిక, పై దారి బాగున్న రోగికి మెడ రంధ్రాన్ని గాజుగుడ్డతో మూసి నోటి మీద అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి గాలి పంపే సంచి) పెట్టి గాలి ఇవ్వవచ్చు. స్వరపేటిక తీసేసిన రోగికి రంధ్రాన్ని ఎట్టి పరిస్థితిలోనూ మూయకూడదు. అచ్చంపేట అవతల అమ్రాబాద్ గూడేలకు, దేవరకొండ తండాలకు అంబులెన్సు వచ్చేసరికి ఆలస్యం కావచ్చు. అందుకే రెండు సైజుల గొట్టాలు, సిరంజి, కత్తెర, టార్చి లైటు ఒకే పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను రోగితో పాటే ఆటోలోకీ, బస్సులోకీ తీసుకువెళ్లాలి.

నెత్తురు కనిపించింది

సక్షన్ తరువాత తెమడలో ఎర్రటి చారలు కనిపిస్తే పైపు లోతుగా పోయిందనో, ఒత్తిడి ఎక్కువైందనో, లోపల ఎండిపోయిందనో అర్థం. పైన చెప్పినవి సరిచేస్తే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. గొట్టం నుంచి తాజా ఎర్రటి నెత్తురు కారితే, కొద్దిసేపట్లో ఆగిపోయినా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ముఖ్యంగా ఆపరేషన్ జరిగిన మొదటి మూడు నాలుగు వారాల్లో, గొట్టం పక్కన ఉండే పెద్ద ధమని ఒరుసుకుపోయి ఇలా ముందుగా కొంచెం నెత్తురు చూపించి, తరువాత ఒక్కసారిగా ఎగజిమ్మే ప్రమాదం ఉంది. గుండె కొట్టుకున్నట్లు గొట్టం ఎగిరెగిరి పడుతున్నా డాక్టరుకు చెప్పాలి.

తెమడలో అన్నం, పప్పుచారు రంగు

మింగినది దారి తప్పి శ్వాసనాళంలోకి పోతోంది. నోటితో పెట్టడం ఆపి డాక్టరును కలవండి, ‘రెండు ముద్దలే కదా’ అనుకోకండి. మింగడం బలహీనపడిన రోగికి జావ కన్నా ఉత్త నీళ్లే ఎక్కువ ప్రమాదం. ముక్కు పైపుతో ఇచ్చేవారు తల వైపు ఎత్తి, ఇచ్చిన తరువాత కూడా అరగంటకు తక్కువ కాకుండా అలాగే కూర్చోబెట్టాలి.

మాట రాని మనిషి హఠాత్తుగా మాట్లాడాడు

ఇంట్లో అందరూ సంతోషపడే సంఘటనే, కానీ కఫ్ నిండుగా ఉండవలసిన రోగి విషయంలో ఇది మంచి గుర్తు కాదు. కఫ్ చిల్లి పడి గాలి పైకి పోతోందనో, గొట్టం స్థానం తప్పిందనో అనుమానించాలి. బయట వేలాడే చిన్న బెలూన్ మెత్తబడిందేమో నొక్కి చూసి, ఆసుపత్రికి తెలపండి. కఫ్ ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టం మధ్య ఉండాలి కనుక అందాజుగా సిరంజితో గాలి కొట్టకండి. మాట్లాడే వాల్వ్‌ను మాత్రం కఫ్ నిండి ఉండగా ఎన్నడూ పెట్టకూడదు. గాలి లోపలికి పోతుంది గాని బయటికి వచ్చే దారి ఉండదు.

చుట్టూ ఎర్రబడడం, వాసన, ఈగలు

చెమట, తెమడ నాని చర్మం ఒరుస్తుంది. సెలైన్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, పొడి గాజుగుడ్డ పెట్టి, తడిసిన ప్రతిసారి మార్చాలి. గాజుగుడ్డను కత్తిరిస్తే పోగులు లోపలికి పోతాయి, మడిచి పెట్టాలి. తెమడ ఆకుపచ్చగా మారి, వాసన వచ్చి, జ్వరం కూడా ఉంటే ఇన్‌ఫెక్షన్ సోకినట్లే. మిగిలిపోయిన పాత యాంటీబయాటిక్ మాత్రలు వేయకుండా డాక్టరుకు చూపించాలి. పశువుల కొట్టం దగ్గరున్న ఇళ్లలో పగలు కూడా దోమతెర కట్టండి, ఈగ వాలిన రంధ్రంలో పురుగులు పడడం మా వార్డులో కొత్త విషయం కాదు. అలా జరిగితే టర్పెంటైన్ లాంటివి ఇంట్లో పోయకూడదు, అవి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

కరెంటు పోయింది

గాలివాన రాత్రుల్లో సక్షన్ మిషన్ ఆగిపోతుంది. బ్యాటరీ మిషన్ కొనలేని వారు కాలితో తొక్కే పంపును ఉంచుకోవాలి. నెలకోసారి తొక్కి చూడకపోతే, అవసరమైన రోజు దాని రబ్బరు పగిలి ఉంటుంది.

గొట్టం ఎప్పుడు తీస్తారు

కారణం తగ్గి, రోగి సొంతంగా దగ్గి, మింగగలిగినప్పుడు ఆసుపత్రిలో గొట్టాన్ని బిరడాతో మూసి, గమనించి, తట్టుకుంటేనే తీస్తారు. ఇంట్లో సొంతంగా మూసి చూడకూడదు. తీసిన తరువాత రంధ్రం చాలామందికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో దానంతటదే పూడుతుంది. అప్పటివరకు మాట్లాడేటప్పుడు, దగ్గేటప్పుడు గాలి అక్కడినుంచి తప్పించుకోకుండా కట్టు మీద రెండు వేళ్లతో నొక్కి పట్టమని రోగికి నేర్పాలి.